పికప్‌లు మార్చాలా, వద్దా? ఒక పన్నెండు వేల లెక్క



కొంచెం పొడుగు పోస్టు ఇది. గిటార్ లేనివాళ్లు కూడా చివరిదాకా చదవండి. లెక్క గిటార్‌తో మొదలైంది గానీ అక్కడే ఆగలేదు.

నా దగ్గర రూ.12,000 జమ అయ్యాయి. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కి పోయి సంపాదించినవి. రాత్రికి 600 చొప్పున ఇరవై రాత్రులు. ప్లేట్లు మోసి, బిర్యానీ వడ్డించి, తెల్లారుజామున మాసబ్ ట్యాంక్ రూమ్‌కి వచ్చి పడుకున్న రాత్రులు. హైదరాబాద్ హాస్టళ్లల్ల చదివిన మనవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఆ పైసలు ఎక్కడ పెట్టాలన్నది నాకు చిన్న ప్రశ్న కాదు.

నా గిటార్ సెకండ్ హ్యాండ్‌ది, రూ.8,000కి కొన్నా. మెడ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి సింగిల్ కాయిల్ పికప్‌లు, బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్. మూడూ కంపెనీ నుంచి వచ్చినవే. ఈ ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, మా బ్యాచ్ వాళ్లం ఒక గోండి పాట వాయిద్దామనుకున్నాం. అందులో కిక్రి వరసను గిటార్ మీద పలికించే పని నాది. ప్రాక్టీస్‌లో రెండు ఇబ్బందులు కనబడ్డాయి. ఒకటి, ఆగకుండా గుయ్‌మనే చప్పుడు. రెండు, సౌండ్ బురదబురదగా ఉండి రాగం విడివిడిగా వినబడకపోవడం.

షాపులో అడిగితే ఒకటే మాట: "స్టాక్ పికప్స్‌తో టోన్ రాదు బ్రో, మార్చెయ్." పేరున్న విదేశీ సెట్టు, ఫిట్టింగ్‌తో కలిపి సరిగ్గా పన్నెండు వేలు చెప్పారు. ఎద్దు ధర కన్నా దాని మెడలో గంట ధర ఎక్కువ అన్నట్టు! అయినా గంట బాగుంటే కొనాల్సిందే. కానీ ముందు ఆ గంట పని ఏంటో తెలవాలి కదా.

పికప్ అంటే పెద్ద మాయేం కాదు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, సింగిల్ కాయిల్ అయితే సుమారు ఏడెనిమిది వేల చుట్లు. అయస్కాంతం వల్ల పైనున్న స్టీలు తీగకు కూడా అయస్కాంత గుణం వస్తుంది. ఆ తీగ ఊగినప్పుడు కాయిల్‌లో సన్నటి కరెంటు పుడుతుంది. టెన్త్ ఫిజిక్స్‌లో చదివిన ఫారడే సూత్రమే. 1931లో అమెరికాలో జార్జ్ బోషాం చేసిన "ఫ్రైయింగ్ పాన్" గిటార్ ఇట్లాంటి పికప్‌తోనే పలికింది. ఒకే కాయిల్ అయితే గదిలోని కరెంటు చప్పుడు కూడా అందులో దూరుతుంది. దానికి విరుగుడుగా గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ 1955లో రెండు కాయిల్స్‌ను ఎదురుబొదురుగా కలిపి హంబకర్ తయారు చేశాడు. తీగ చప్పుడు కలిసి పెరుగుతుంది, కరెంటు చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఇగ కంపెనీ పికప్ తీసేసి బయట కొన్నది పెట్టుకునే వ్యాపారం 1970ల్లో ఊపందుకుంది. 1972 నాటి డిమార్జియో "సూపర్ డిస్టార్షన్" దానికి దారి వేసింది.

ఖరీదు తక్కువ గిటార్లలో ఎక్కువగా ఇనప పోల్ ముక్కల కింద సిరామిక్ అయస్కాంతం పట్టీ ఉంటుంది. ఖరీదైన వాటిలో చాలావరకు అల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం వాడతారు. వాటి మధ్య తేడా ఉంటుంది, అది అబద్ధం కాదు. కానీ నా గిటార్‌లో నాకు వినబడుతున్న ఇబ్బంది ఆ తేడా వల్లేనా? ఇది తేల్చుకోకుండా ఇరవై రాత్రుల కష్టం ఇవ్వదల్చుకోలేదు. ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయా.

మొదట తీగలు. కొన్నప్పటి తీగలే ఉన్నాయి, తుప్పు పట్టి నల్లబడ్డాయి. రూ.600 పెట్టి కొత్త సెట్టు వేశా. బురదతనం సగం అక్కడే పోయింది.

రెండోది ఎత్తు. పికప్ పక్కనున్న స్క్రూలు తిప్పితే అది పైకీ కిందికీ కదులుతుంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య సందు చూడాలి. సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, లావు తీగల వైపు కొంచెం ఎక్కువ ఉంచి, చెవితో సరిచూసుకోవాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వంకర చేస్తుంది. స్క్రూడ్రైవర్, స్కేలు చాలు. రూపాయి ఖర్చు లేదు.

మూడోది చప్పుడు. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. అంటే లోపల ఎర్త్ వైరు బాగానే ఉంది. గదిలోని ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఫోన్ చార్జర్ల చప్పుడును మన ఒళ్లే గిటార్‌కి మోస్తోంది. చెయ్యి పెట్టినప్పుడు ఇంకా పెరిగితే మాత్రం వైరింగ్ చూపించండి. ఆంప్ పెట్టిన సాకెట్‌లో ఎర్త్ లేకపోతే ఇంకో సాకెట్‌కి మార్చండి. తీగలు ముట్టుకుంటే జుమ్మంటే వెంటనే వాయించడం ఆపండి, అది టోన్ సంగతి కాదు, ప్రాణం సంగతి. నేను గిటార్ లోపలి గుంతకు రాగి రేకు టేప్ అంటించి, దాన్ని ఎర్త్‌కి కలిపా. మెడ పికప్, మధ్య పికప్ రెండూ కలిపి పెట్టినప్పుడు చప్పుడు బాగా తగ్గింది. మధ్యది తిరగేసి చుట్టింది కాబట్టి, రెండూ కలిస్తే హంబకర్‌లాగే పనిచేస్తున్నాయి.

నాలుగోది ఆంప్. నాది 10 వాట్ల చిన్న డబ్బా. దోస్తు దగ్గరున్న పెద్ద ఆంప్‌కి అదే గిటార్, అదే వైరు పెట్టి వాయించా. అదే స్టాక్ పికప్, మస్తు విడివిడిగా పలికింది. ప్రోగ్రాం రోజు హాలు వాళ్ల సౌండ్ సిస్టమే వాడతాం, నా డబ్బా కాదు.

అయిదోది వాల్యూమ్ గుండీ. కిక్రిని విల్లుతో వాయిస్తారు, చప్పుడు మెల్లగా లేచి సాగుతుంది. గిటార్ తీగ మీటితే టక్కున మొదలై ఆరిపోతుంది. అందుకే వాల్యూమ్ సున్నాలో పెట్టి మీటి, చిటికెన వేలితో గుండీని మెల్లగా పైకి తిప్పుతున్నా. అప్పుడు ఆ టక్కుమనే మొదలు వినబడదు. నా గిటార్‌లో ఉన్నది బి టైపు పాట్, మొదట్లోనే ఒక్కసారిగా లేస్తుంది, పైగా గరగరమంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఏ టైపు, 500 కె పాట్ రూ.150కి దొరికింది. నేనే సోల్డరింగ్ చేసి మార్చా. వరస కిక్రికి దగ్గరగా రావడానికి అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది ఈ నూటయాభై రూపాయల ముక్కే.

ఇన్ని అయ్యాక కూడా తేడా ఉంది. పెద్ద కంపెనీ పికప్ అంత నాజూకుతనం నా దాంట్లో లేదు. అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. షాపులో పదే పదే "ఒరిజినల్ టోన్" అన్నారు. ఎవరి ఒరిజినల్? ఆ పికప్‌లు 1950లు, 60ల నాటి అమెరికా రికార్డుల గొంతు కోసం చుట్టినవి. ఆ సంగీతం నాకూ ఇష్టమే, తప్పేం లేదు. కానీ నేను వెతుకుతున్న గొంతు ఉట్నూర్ అవతల మా ఇంటి దూలానికి వేలాడుతోంది.

మేం పర్ధాన్లం. గోండు గోత్రాల కథలు, పెర్సాపేన్ పాటలు కిక్రి మీద చెప్పడం మా పెద్దల పని. మా తాత ఇంకా వాయిస్తాడు. చెక్క తొలిచి మేక తోలు కప్పిన ఒళ్లు, మూడు తీగలు, విల్లు. మా ఇంటి కిక్రి తీగలు గుర్రపు వెంట్రుకలవి. పైన చెప్పిన ఫిజిక్స్ ఒక్కసారి గుర్తు చేసుకోండి. అయస్కాంతం స్టీలును మాత్రమే వింటుంది. ప్రపంచంలో అన్నింటికన్నా ఖరీదైన గిటార్ పికప్ తెచ్చి కిక్రి పక్కన పెట్టినా, దానికి ఏమీ వినబడదు. మన వాయిద్యానికి అది చెవిటిది.

ఇప్పుడు ఊళ్లో సంగతి మీకు తెలిసిందే. డోలు, పెప్రె మోగితే కిక్రి వినబడదు. పెళ్లిలో డీజే బాక్సులు పెడితే తాత పక్కకు జరిగి కూర్చుంటాడు. మైకు పెడితే అందులో డోలే ఎక్కువ దూరుతుంది. కిక్రికి ఒక పికప్ కావాలని నాకు అనిపించింది అప్పుడే.

దానికి వేరే రకం ఉంది, పీజో. బజర్లలో ఉండే ఇత్తడి బిళ్ల. అయస్కాంతంతో పనిలేదు, చెక్క అదురును నేరుగా పట్టుకుంటుంది. గుజరాతీ గల్లీలో ఒక్కోటి రూ.15. మూడు తీసుకుని వైరు, జాక్ కలిపా. ఊరికి పోయినప్పుడు ముందు తాతను అడిగా, అది పూజలో వాడే వస్తువు కదా. "అంటించుకో, కానీ కర్రకు బొక్క పెట్టొద్దు" అన్నాడు. మెత్తటి బంకతో చెక్క మీద అంటించి, నా చిన్న ఆంప్‌కి పెట్టా. చప్పుడు వచ్చింది, డోలు పక్కన మోగుతున్నా కిక్రి తెలిసింది. విల్లు గీసుకునే రొద మాత్రం మరీ ఎక్కువ. మధ్యలో గుడ్డ ముక్క పెడితే కొంచెం తగ్గింది. తాత కాసేపు విని అన్నాడు: "వినబడుతోంది రా. కానీ ఇది కిక్రి గొంతు కాదు, కిక్రి కర్ర గొంతు."

ఆయన టెన్త్ ఫిజిక్స్ చదవలేదు. కానీ పీజో చేసే పని సరిగ్గా అదే. తోలు మీంచి గాలిలోకి వచ్చే గొంతును అది పట్టదు. గుంపులో వినబడడానికి పీజో పనికొస్తుంది. గొంతును దాచిపెట్టాలంటే మంచి మైకు, నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు, కూర్చుని వినే ఓపిక కావాలి.

దాచిపెట్టడం అన్నది ఎందుకు చెబుతున్నానంటే, 2024 ఒక్క ఏడాదిలోనే డోలి మీద సమ్మక్క-సారలమ్మ కథ చెప్పిన కోయ పెద్ద సకిని రామచంద్రయ్య, మర్లవాయి గుస్సాడి గురువు కనకరాజు ఇద్దరూ పోయారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది కాబట్టి పేపర్లలో పడింది. పేపర్లో పడకుండా పోయే తాతలు ఎంతమందో మన ఊళ్లల్ల మనకే తెలుసు. నేనుండే మాసబ్ ట్యాంక్‌లోనే, స్కాలర్‌షిప్ పని మీద మనం తిరిగే సంక్షేమ భవన్ ఆవరణలోనే, నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం ఉంది. చూడనివాళ్లు తప్పకుండా చూడండి. మన వస్తువులు అక్కడ భద్రంగా ఉన్నాయి. కానీ వాయిద్యం గాజు వెనక ఉంటే ఆకారం మిగులుతుంది, పాట మిగలదు. పాట వాయించే మనిషి దగ్గరే ఉంటుంది.

అందుకని నా నిర్ణయం: పికప్‌లు మార్చడం లేదు. లెక్క చెబుతా. తీగలు 600, రాగి టేప్ 300, పాట్ 150, పీజోలు, వైరు, జాక్‌కి 200, సోల్డరింగ్ సామాను 450. మొత్తం 1,700. మిగిలిన 10,300లో చేతిలో పట్టే స్టీరియో రికార్డర్ ఒకటి తీసుకుంటున్నా. దసరా సెలవుల్లో తాత దగ్గర కూర్చుని, ఆయన చెప్పినంత, ఆయన చెప్పమన్న వరసలోనే రికార్డు చేస్తా. బయట ఎవరికి వినిపించాలి, ఏది ఇంట్లోనే ఉండాలి అన్నది ఆయన ఇష్టం.

పికప్‌లు మార్చడమే దండగ అని నేను అనడం లేదు. కొత్త తీగలు వేసి, ఎత్తు సరిచేసి, వైరింగ్ చూసి, మంచి ఆంప్ మీద విన్నాక కూడా నచ్చకపోతే మార్చండి. గట్టిగా పెట్టినప్పుడు పికప్ కీచుమని అరుస్తున్నా, వాల్యూమ్ ఫుల్ పెట్టి మల్టీమీటర్‌తో జాక్ దగ్గర చూస్తే రీడింగే రాకపోయినా మార్చాల్సి రావచ్చు. ముందు స్విచ్చు, వైర్లు కూడా చూడండి. మామూలుగా సింగిల్ కాయిల్‌కి 6 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల, హంబకర్‌కి 8 నుంచి 16 దాకా చూపిస్తుంది. ఆ అంకె పెద్దదైతే టోన్ గొప్పదని మాత్రం అనుకోకండి. ఒక్క పికప్‌తోనే పనైతే మూడూ కొనకండి. అన్నింటికన్నా ముందు, మీకు కావాల్సిన గొంతు ఏదో మీరే చెప్పగలగాలి. షాపువాళ్లు చెబితే వాళ్ల దగ్గరున్నదే చెబుతారు.

సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, మిగిలిన రాగి టేప్ నా దగ్గరే ఉన్నాయి. ఆదివారాలు మాసబ్ ట్యాంక్‌లోనే ఉంటా. గిటార్ ఉన్న అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు పికప్‌లు కొనేముందు ఒకసారి పట్టుకురండి, కలిసి చూద్దాం. పీజోలు ఇంకా రెండు ఉన్నాయి. మీ ఇంట్లో కిక్రి గానీ, కిన్నెర గానీ వాయించే పెద్దలుంటే చెప్పండి, వైరు కలిపి ఇస్తా. అంటించే ముందు వాళ్లను అడగడం మాత్రం మర్చిపోవద్దు.