తోటరాముని యాత్ర

కథానాయకుడు ఇల్లు విడిచి, గండములు గడచి, వరము గైకొని మరల ఇల్లు చేరుట లోకమునందలి వీరగాథలకు సామాన్యలక్షణమని జోసెఫ్ కాంబెల్ అను అమెరికా పండితుడు 1949వ సంవత్సరమున గ్రంథము వ్రాసెను. రెండేండ్లకు, 1951లో, మన పాతాళభైరవి చిత్రము వెలువడెను. దానిని పలుమారులు చూచిన మీదట మాకు తోచిన సంగతి నొకదానిని చదువరులకు మనవి చేయుచున్నాము.

నల్లమల యంచున, మార్కాపురము గిద్దలూరు ప్రాంతముల నివసించు మావంటివారికి అడవియు మాంత్రికుడును క్రొత్తవారు కారు. జంగము కథలలో బాలనాగమ్మను మా పెద్దలు వినినవారే. ఆ కథ 1942లో చిత్రమైనది. అందు తల్లిని విడిపింప బయలుదేరిన బాలవర్ధి రాజపుత్రుడు. తోటరాముడన్ననో తోటమాలి కొడుకు. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి మాటలతో, ఘంటసాలవారి సంగీతముతో పామరుడే వీరుడైనాడు. ఇది యొక మార్పు.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు వేఱొకటి కలదు. కాంబెల్ లెక్కలో వరముతో తిరిగివచ్చుటయే యాత్రాంతము. ఇచట దేవి యిచ్చిన బొమ్మవలన మేడ క్షణములో లేచెను. బొమ్మ చేజారగనే మేడయు ఇందుమతియు దూరమైరి. రాముడు మరల బయలుదేరవలసివచ్చెను. ఈ మాఱు గెలిపించినది వరము గాదు, అంజి స్నేహమును యుక్తియును. అంజి మాటలు నమ్మి గడ్డము తీయించుకొన్న మాంత్రికుడు శక్తిని గోల్పోయెను.

వానలు తప్పిన ఏండ్లలో మా పడుచువారు హైదరాబాదునకు, బెంగుళూరునకు కూలికి పోవుచున్నారు. పలకలకు పేరొందిన మార్కాపురపు సీమలోనే, పలకపై అక్షరములు దిద్దవలసిన బిడ్డలు తలిదండ్రుల వెంట వలసపోవుటయు గలదు. పోయినవాడు తిరిగివచ్చినప్పుడు మన మడుగు ప్రశ్న యొక్కటే: ఎంత తెచ్చితివి? ఇందుమతి మనస్సు రాముని యందున్నను రాజు ధనమునే యడిగెను. మనము ఆ రాజును చూచి నవ్వుదుము. ఇంటికి వచ్చి ఆయనవలెనే మాటలాడుదుము.

ఇటీవల మా మేనకోడలికి ఒక సంబంధము వచ్చినది. చిన్నవాడు బెంగుళూరులో కట్టడపు పనివాడు. సంపాదించినదంతయు తమ్ముని చదువునకే వ్యయపఱచెను. చేతిలో సొమ్ము లేదని బంధువులు పెదవి విఱచిరి. సొమ్ము పోవచ్చును, రావచ్చును. పోయినప్పుడు మరల బయలుదేరగలవాడా కాడా అని చూడవలెనని మేము వాదించితిమి. అయినను నిర్ణయము మాది కాదు, బంధువులది కాదు. అమ్మాయి ఆలోచించుకొనుటకు గడు వడిగినది. ఆమె నోట మాట వచ్చువఱకు ముహూర్తము పెట్టబోమని అందఱకు తెలియజేసితిమి.