చెన్నపురిలో నడకకు విడిచిన వీథి

పెండ్లి బట్టలు కొనవలెనన్న నెల్లూరు, చిత్తూరు ప్రాంతముల గృహిణులకు నేటికిని మొదట తోచు పేరు చెన్నపురిలోని త్యాగరాయ నగరమే. పట్టుచీరలు, నగలు, ఇత్తడి పాత్రలు, పిల్లల గాజులు అన్నియు నొక్క చుట్టులో దొరకును. అయితే మే మీమారు వ్రాయబూనినది చీరలను గూర్చి కాదు, ఆ దుకాణముల ముందరి వీథిని గూర్చి. జనులు దానిని పాండీబజారందురు. కాగితములమీద దాని పేరు త్యాగరాయ రోడ్డు.

ఆ పేరు విని త్యాగరాజస్వామిని తలచి నమస్కరించువారు మనలో కొందరు కలరు. ఆ మహానుభావునికిని ఈ వీథికిని సంబంధము లేదు. జస్టిసు పక్షమును స్థాపించిన వారిలో నొకరును, చెన్నపురి నగరసభకు అధ్యక్షులై యుండినవారును, మన తెలుగువారును అగు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర నీ పేట వెలసినది. వీథి మొదట నున్న ఉద్యానము పానగల్లు రాజాగారి పేరిటిది. కాళహస్తి సీమ జమీందారగు ఆయన 1921 మొదలు 1926 వరకు మదరాసు రాజధానికి ప్రధానమంత్రి. ఆ కాలముననే పెద్ద చెరువు నొకదానిని పూడ్చి, ఈ ఉద్యానము నడుమ నుండునట్లు వీథులు తీర్చిరి. పిమ్మట తెలుగు చలనచిత్రముల వారెందరో ఇచ్చట కాపురముండిరి. తిరుపతి కొండకు పోయిన యాత్రికులు బస్సులతో బజుల్లా రోడ్డునకు వచ్చి నందమూరి రామారావుగారిని చూచిపోవుచుండిన సంగతి మన యిండ్లలోని పెద్దవారికి తెలియనిది కాదు.

ఇట్టి వీథి మోటారుల కాలము వచ్చుసరికి ఏమయ్యెను? ఇరుప్రక్కలను నిలిపిన కారులు, వాని వెనుక మోటారు సైకిళ్లు, వాని వెనుక అంగళ్ల బల్లలు, మిగిలిన జానెడు చోట మనుష్యులు. చంటిబిడ్డను చంకనెత్తుకొని, రెండవచేత సంచి పట్టుకొని, కాలిబాట దిగి బస్సుల మధ్యకు పోవలసిన గతి స్త్రీకే పట్టెను. కొనువారిలో నెక్కువమంది స్త్రీలే గదా! వారి నడకకు చోటులేదు. వారు రాని వేళల గూడ కారులకు మాత్రము చోటుండెను.

ఇల్లిరుకైనప్పుడు గృహిణి మొదట చేయు పని యేమి? పగలెల్ల ఎవ్వరును పండుకొనని మంచమును నడవలోనుండి తీసివేయును. నిలిచియున్న కారు వీథికి అట్టి మంచము. చెన్నపురి నగరసభ వారు 2014లో కాలినడకకును సైకిలునకును ప్రాధాన్యము నిచ్చు విధానమును స్వీకరించిరి. కొన్ని దినములు వాహనముల నాపి పరీక్షించి చూచిరి. తమ బేరము పోవునని వర్తకులు భయపడిరి. తుదకు సుమారు 40 కోట్ల రూపాయల వ్యయముతో పానగల్లు ఉద్యానము మొదలు తణికాచలము రోడ్డు కూడలి వరకు వీథిని మార్చి, 2019 నవంబరులో ప్రజలకు విడిచిరి.

వర్తకుల భయమొక్క చెన్నపురికే చెల్లినది కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో స్త్రోయెట్ అను అంగడివీథిని 1962లో మోటారులకు మూసినప్పుడును అచ్చటి దుకాణదారులిట్లే మొరపెట్టిరి. ఆ వీథి నేటికిని నడచువారిదే. అంగళ్లును నిండుగనే యున్నవి.

పాండీబజారునందు మోటారులను బొత్తిగా నిషేధింపలేదు. కారును బస్సును నడచుచునే యున్నవి. వాని పాలు తగ్గి, నడచువారి పాలు పెరిగినది. ఇది మాకు నచ్చిన సంగతి. రోగిని తీసికొని పోవు బండికి దారి యుండవలెను, సరకు దింపు బండికి వేళ యుండవలెను, కాలు నొవ్వు ముదుసలిని అంగడి ముంగిట దింపుటకు తావుండవలెను. వీథి నంతయు మూసివేయుట సులభము. పాళ్లు సరిగా పంచుటయే కష్టము.

ఆ పంపకమునకు లెక్క కలదు. మూడున్నర మీటర్ల వెడల్పుగల బాటపట్టీపై ఒక గంటలో కారులలో పోగలవారు సుమారు 2,000 మంది. అదే పట్టీపై బస్సులలో 9,000 మంది, సైకిళ్లపై 14,000 మంది, కాలినడకను 19,000 మంది పోవచ్చునని రాకపోకల శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పప్పు కొలిచినట్లు కొలిచి చూచిన, కారునకిచ్చు చోటు ఎంత దుబారాయో తెలియుచున్నది. ఇది వట్టి సౌఖ్యమునకు సంబంధించిన మాటయు కాదు. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములందు మరణించిన 1,68,491 మందిలో దాదాపు అయిదవవంతు నడచి పోవువారు. వాహనముల సగటు వేగము నూటికొక్క పాలు పెరిగినచో ప్రాణము తీయు ప్రమాదములు నూటికి నాలుగు పాళ్లు పెరుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి మాట. ఇరుకైన మోటారు బాట బండివాని వేగమును తగ్గించును.

మేము సాయంకాలమున ఆ బాటపై నడచితిమి. బెంచీలపై వృద్ధులు కూర్చుండిరి. పిల్లలు తల్లి చేయి విడిచి పరుగెత్తుచుండిరి, తల్లులు కేకలు వేయుట లేదు! అయితే విశాలమైన రాతిబాటను చూచి ఒక మోటారు సైకిలువా డెక్కి వచ్చుటయు చూచితిమి. వానికి అది దగ్గరి దారి. కాలిబాట అంచు పదిహేను సెంటీమీటర్లకంటె ఎత్తుండరాదని మన దేశపు రోడ్ల నియమము చెప్పుచున్నది. మోకాళ్లు నొవ్వువారు ఎక్కుటకు అది అవసరము. కాని వారికి సులువైనది మోటారు సైకిలువానికిని సులువే. అడ్డముగా పాతు పొట్టి స్తంభములు అందులకే. వాని సందున చక్రముల కుర్చీ పట్టవలెను, మోటారు సైకిలు పట్టరాదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఇంజనీర్లకు ఇప్పటికిని చిక్కే.

సైకిలునకు ప్రత్యేకముగా విడిచిన బాట మాకు కనబడలేదు. ఇది లోపమే. స్త్రీలకు సైకిలేల యని అడుగువారికి పుదుక్కోటను చూపవచ్చును. ఆ మండలమున 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమములో భాగముగా లక్షకు పైబడిన గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. నీరు మోయుటకును, కూలికి పోవుటకును, పిల్లను బడిలో దించుటకును ఇంకొకరికై కనిపెట్టుకొని యుండు అవస్థ వారికి తప్పెను. అట్టి రాష్ట్రపు రాజధానిలో సైకిలు మోటారులతో పెనగులాడవలసి యుండుట వింత.

బస్సు మాట వేరు. 2021 మే నెల మొదలు తమిళనాట సాధారణ నగర బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు. మన తెలంగాణమున 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టులోను స్త్రీలకిట్టి వసతి వచ్చినది. టికెట్టు లేకున్నను, దిగినచోట అడుగు పెట్టుటకు బాట లేకున్న ఆ మేలు సగమే. మాంబళము రైలు స్టేషనునుండి బస్సుల నిలయమునకు 2023 మే నెలలో 570 మీటర్ల ఆకాశవంతెన కట్టిరి. రంగనాథన్ వీథి తొక్కిసలాట తప్పినందుకు సంతోషమే. కాని నడచువారినే మిద్దె యెక్కించి, నేలను ఇతరులకు విడుచుట మాకంతగా రుచింపదు.

ఇంకొక్క సంగతి. బాట విశాలము కాకపూర్వమే ఇచ్చటి చిల్లర వర్తకులను ఒక అంతస్తుల కట్టడములోనికి పంపిరి. పూలు, రిబ్బనులు, హెయిర్‌పిన్నులు దారిని పోవుచు కొనునవి గాని మెట్లెక్కి కొనునవి కావు. వీథి వర్తకుల జీవనమును కాపాడుటకు 2014లో చట్టమే వచ్చినది. అంత వెడల్పుగల బాటలో పూలబుట్టకు రెండు మూరల చోటు గీచి యిచ్చిన ఎవరి నడకకును భంగము రాదు. పూలమ్మునది గూడ స్త్రీయే.

చూడదలచిన సోదరీమణులు మాంబళములో దిగి, ఉస్మాను రోడ్డు వెంబడి పానగల్లు ఉద్యానము చేరి, అచ్చటినుండి తూర్పుగా నడువవచ్చును. ఉద్యానము క్రింద మెట్రో రైలుకై సొరంగ స్టేషను పని సాగినందున ఆ మూల కొంత తికమకగా నుండును. దీపావళి ముందరి ఆదివారములు మానుడు. వారము మధ్య, ఎండ వాలిన పిమ్మట పోయిన నడక హాయిగా నుండును.