తూచకమునుపే తూకము

తొమ్మిదవ నెల నడుచుచున్న మా మేనకోడలికి తిరుపతిలో స్కానింగు తీసి, శిశువు 3.8 కిలోలుండునని చెప్పినది మొదలు, కాన్పు కష్టమగునేమో, కోత తప్పదేమో యని మా వదిన చింతాక్రాంతయై, పిల్లకు పెట్టు సంగటిముద్దను సైతము సగము చేసినది. ఆ యంకె త్రాసున తూచినది గాదు. శిరస్సు, ఉదరము, తొడయెముక కొలతలనుండి గణించిన యూహ. నూటికి 10, 15 పాళ్లు అటునిటు తప్పుట సామాన్యము. చక్కెరవ్యాధి గల తల్లికి 4.5 కిలోలు, లేనిచో 5 కిలోలు దాటునని తోచినప్పుడే ముందుగా కోతనాలోచింపవలెనని అమెరికా ప్రసూతివైద్యుల సంఘము వారి సలహా. మన స్త్రీల దేహప్రమాణము వేఱనుట నిజమే. అయినను ఈ పిల్లకు చక్కెరవ్యాధి లేదు, వైద్యురాలికి కంగారును లేదు. ఉన్న కంగారంతయు మా వీధి పెద్దమ్మలది. వారిలో నొకరు పొట్ట చూచి మగశిశువని కూడ తేల్చివేసినారు.