గ్యారేజీ గోష్ఠి

2015 జూన్ 19న లాస్ ఏంజెలెస్‌లోని హైలాండ్ పార్క్ అనే పేటలో ఒక మామూలు ఇంటి చుట్టూ భద్రతా దళాలు మోహరించాయి. పక్కింటి కప్పు మీద తుపాకీతో కాపలా, వాకిట్లో గుడారం. ఇంటి యజమాని మార్క్ మారన్ స్టేజీ మీద జోకులు చెప్పి బతికే హాస్యకారుడు. ఆ రోజు ఆయనతో మాట్లాడటానికి వస్తున్న మనిషి బరాక్ ఒబామా. అప్పటికింకా అమెరికా అధ్యక్షుడే. అతిథిని కూర్చోబెట్టింది హాల్లో కాదు, పుస్తకాలూ పోస్టర్లూ గిటార్లతో కిక్కిరిసిన కారు షెడ్డులో.

అంతకు రెండు రోజుల ముందే చార్ల్‌స్టన్ చర్చిలో ఓ జాత్యహంకారి తొమ్మిది మంది నల్లజాతీయులను కాల్చి చంపాడు. దేశమంతా ఉడికిపోతోంది. అలాంటి సమయంలో అధ్యక్షుడు మాట్లాడాలంటే ముందు జెండాలు, వెనక బోర్డు, చేతిలో రాసిచ్చిన కాగితం ఉండాలి. అవేవీ లేవు. దగ్గర్లోని ఆక్సిడెంటల్ కాలేజీలో చదువుకున్న రోజులు, తండ్రి లేకుండా పెరగడం, తన పిల్లలు, తుపాకుల చట్టాలు, జాతి వివక్ష... దాదాపు గంటసేపు ఒబామా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్తూ మాట్లాడారు. ఆ సంభాషణ విడుదలయ్యాక పత్రికలు ఆయన ఏమన్నారన్నదానితో పాటు ఎక్కడ కూర్చుని అన్నారన్నది కూడా రాశాయి.

ఆ షెడ్డు వెనక కథ అంత ఘనమైనదేమీ కాదు. 2009లో మారన్‌కు ఎయిర్ అమెరికా అనే రేడియో సంస్థలో పని పోయింది. పెళ్లి విడాకుల్లో ముగిసింది, చేతిలో డబ్బు ఆడటం లేదు. బ్రెండన్ మెక్‌డొనాల్డ్ అనే ప్రొడ్యూసర్‌ను వెంటబెట్టుకుని, ఇంకా పనిచేస్తున్న పాత తాళం కార్డుతో రాత్రిపూట అదే ఆఫీసులోకి గుట్టుగా దూరి, ‘డబ్ల్యూటీఎఫ్’ అనే పాడ్‌కాస్ట్ మొదటి భాగాలు రికార్డు చేశారు. తర్వాత మకాం ఇంటి షెడ్డుకు మారింది. తొలి అతిథుల్లో చాలామంది తోటి హాస్యకారులే. వాళ్లలో కొందరితో ఆయనకు పాత తగాదాలుండేవి. కొన్ని మైకు ముందే తేలాయి, క్షమాపణలతో సహా. వారానికి రెండు చొప్పున పదహారేళ్లు నడిచి, 1,600కు పైగా భాగాలయ్యాక 2025 అక్టోబరులో ఆ పాడ్‌కాస్ట్ ఆగింది. చివరి అతిథి కూడా ఒబామాయే.

అసలు పాడ్‌కాస్ట్ పుట్టిందే ముచ్చటగా. 2003 వేసవిలో క్రిస్టఫర్ లిడన్ అనే రేడియో జర్నలిస్టు హార్వర్డ్‌లో ఉంటూ కొందరిని ఇంటర్వ్యూ చేశారు. డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆ ఆడియో ఫైళ్లను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌కు తగిలించారు. పేపరు కుర్రాడు గుమ్మంలో పేపరు పడేసినట్టు, కొత్త ఫైలు తయారవగానే చందాదారు కంప్యూటర్‌లోకి దానంతటదే వచ్చి పడేది. 2005 జూన్‌లో ఆపిల్ ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చాక ఊరూవాడా పాకింది. స్టేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, గోడ మీద గడియారం అక్కర్లేదు. వార్తల వేళయిందని రేడియోలో మంచి మాటను మధ్యలో తుంచేసే బాధ ఇక్కడ లేదు.

ఆ తీరుబడి ఎంత విలువైనదో 2010 ఏప్రిల్‌లో రాబిన్ విలియమ్స్‌తో జరిగిన సంభాషణ చూపించింది. టీవీ షోలలో ఆయన నోరు తెరిస్తే గొంతులు మార్చడం, అనుకరణలు, నవ్వుల జడివాన. ఈసారి మారన్ మైకు పట్టుకుని ఆయన ఇంటికే వెళ్లారు. కాసేపటికి విలియమ్స్ గొంతు తగ్గింది. మళ్లీ తాగుడులో పడటం, గుండె ఆపరేషన్, మనసును కమ్మే నిరాశ, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన తనకు వస్తే తనలో తాను ఎలా వాదించుకుంటారో కూడా నవ్విస్తూనే చెప్పారు. 2014 ఆగస్టులో విలియమ్స్ ప్రాణం తీసుకున్నాక లోకం ఆ సంభాషణను మళ్లీ విన్నది. 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తన జాతీయ ధ్వని సంపదలో చేర్చుకుంది.

అపరిచితుల సంభాషణ వినేవాళ్లకు అంత సొంతంగా ఎందుకు అనిపిస్తుంది? పాడ్‌కాస్ట్‌లు రావడానికి అర్ధ శతాబ్దం ముందే, 1956లో, డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు దీని గురించి ఒక వ్యాసం రాశారు. రేడియోలో, టీవీలో రోజూ పలకరించే మనిషితో జనానికి ఒకవైపే ఉండే చుట్టరికం ఏర్పడుతుందన్నది వాళ్ల పరిశీలన. ఆ మనిషి ఎవరో వీళ్లకు తెలుసు, వీళ్లెవరో ఆ మనిషికి తెలియదు. ఇయర్‌ఫోన్లు వచ్చాక ఆ చుట్టరికం మరీ దగ్గరైంది. గొంతు గదిలో కాదు, సరాసరి చెవిలోనే వినిపిస్తుంది. అంట్లు తోముతున్నా, మెట్రోలో నిలబడి ఉన్నా, పొద్దున్నే పార్కులో నడుస్తున్నా వెంట ఉంటుంది.

2020 మేలో మారన్ సహచరి, దర్శకురాలు లిన్ షెల్టన్ హఠాత్తుగా చనిపోయారు. రెండు రోజులకే ఆయన మైకు ముందు కూర్చున్నారు. ఏడుస్తూ, ఆగుతూ మాట్లాడి, 2015లో ఆమె తొలిసారి అతిథిగా వచ్చినప్పటి సంభాషణను మళ్లీ వినిపించారు. కరోనాతో ఇళ్లలో ఉండిపోయిన శ్రోతలకు అది సెలెబ్రిటీ వార్తగా కాక, తెలిసినవాళ్లింట్లో చావుగా తగిలింది.

అందరు హోస్టులూ మారన్‌లా తమ గోడు చెప్పుకోరు. క్రిస్టా టిప్పెట్ పద్ధతి పూర్తిగా వేరు. యేల్‌లో మతశాస్త్రం చదువుకున్న ఆమె, రేడియోలో మొదలుపెట్టిన కార్యక్రమమే 2010 నుంచి ‘ఆన్ బీయింగ్’ పేరుతో నడుస్తోంది. వచ్చింది కవి అయినా, భౌతిక శాస్త్రవేత్త అయినా, బౌద్ధ భిక్షువు అయినా ఆమె మాట మొదలుపెట్టేది దాదాపు ఒకేచోట: చిన్నప్పుడు మీ ఇంట్లో మతమో, ఆధ్యాత్మికతో ఎలా ఉండేది? జవాబు వెతకడానికి అతిథి బాల్యంలోకి వెళ్తారు. అక్కడ వాదించడానికి ఏమీ ఉండదు, జ్ఞాపకం చేసుకోవడమే. కాసేపు అలా గడిచాక సిద్ధాంతాల దగ్గరికి వచ్చినా గొంతులో కరకుదనం ఉండదు. ఎడిట్ చేసిన కార్యక్రమంతో పాటు అసలు రికార్డింగ్ మొత్తాన్నీ విడుదల చేయడం ఆమె సంస్థ అలవాటు. తడబాట్లూ, దగ్గులూ, మధ్యలో ఆగి మంచినీళ్లు తాగడాలూ అన్నీ వినవచ్చు.

హృషీకేశ్ హిర్వే అనే సంగీతకారుడు 2014లో మొదలుపెట్టిన ‘సాంగ్ ఎక్స్‌ప్లోడర్’లో తన ప్రశ్నలనే కత్తిరించి పారేస్తారు. పాట కట్టినవాళ్లు డ్రమ్ముల ట్రాకు విడిగా, గొంతు విడిగా వినిపిస్తూ ఆ పాట ఎలా తయారైందో చెబుతుంటే, అడిగిన మనిషి ఉన్నట్టే అనిపించదు. ఎస్తేర్ పెరెల్ అనే మానసిక చికిత్సకురాలు 2017లో ప్రారంభించిన పాడ్‌కాస్ట్‌లోనేమో నిజమైన భార్యాభర్తలు పేర్లు చెప్పకుండా తమ కాపురంలోని చిక్కులు మాట్లాడుకుంటారు. అది వినే వేరే దంపతులు తమ తగాదాను అందులో పోల్చుకుంటారు. ఇంత భిన్నమైన ఈ ముగ్గురిలోనూ ఉన్న ఒకే విద్య, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం.

చిక్కల్లా ఈ విద్యతోనే. జీవితకథ చెప్పేవాళ్లను అడ్డుకోకపోవడం మర్యాద. కానీ అదే కుర్చీలో కూర్చుని ఫలానా పొడి తాగితే షుగరు పోతుందనో, ఫలానా టీకా ప్రమాదమనో అన్నవాళ్లను అడ్డుకోకపోతే అది మర్యాద కాదు. జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో కరోనా టీకాల గురించి సాగిన మాటల మీద దాదాపు 270 మంది వైద్యులు, శాస్త్రవేత్తలు, అధ్యాపకులు దాన్ని వినిపించే వేదిక స్పాటిఫైకి బహిరంగ లేఖ రాశారు. 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ తన పాటలన్నీ ఆ వేదిక మీంచి తీసేయించారు. స్పాటిఫై చివరికి కరోనా ప్రస్తావన ఉన్న ఎపిసోడ్లకు ఒక సూచన తగిలించి ఊరుకుంది. రోగన్ మాత్రం అక్కడే ఉన్నారు. 2024 చివర్లో, బ్రిటన్‌లో పేరున్న ‘డైరీ ఆఫ్ ఎ సీఈఓ’ పాడ్‌కాస్ట్‌లోని 15 ఆరోగ్య ఎపిసోడ్లను బీబీసీ పరిశీలించింది. శాస్త్రాధారాలకు విరుద్ధమైన హానికర వాదనలు ఎపిసోడ్‌కు సగటున 14 తేలాయి.

శ్రోతలు మోసపోయేది తెలివి తక్కువై కాదు. నెలల తరబడి వింటున్న గొంతు మీద నమ్మకం ముందే కుదిరి ఉంటుంది. ఆ హోస్టు అతిథికి తలూపితే, శ్రోత కూడా తలూపుతాడు. పైగా మధ్యలో వచ్చే విటమిన్ పొడుల ప్రకటనను చాలాచోట్ల హోస్టే అదే గొంతుతో చదువుతారు. కబురు ఎక్కడ ఆగిందో, అమ్మకం ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. పత్రికలో ప్రకటనకు గీత గీసి పెట్టె కట్టినట్టు చెవికి గీత గీయలేరు కదా.

తెలుగువాళ్లకు ముచ్చట వినడం కొత్తేమీ కాదు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ శ్రోతల ఉత్తరాలు చదివి ధర్మసందేహాలు తీర్చేవారు. హైదరాబాద్ కేంద్రం నుంచి చిన్నక్క, రాంబాబు కబుర్లాడుకుంటూనే కార్మికులకు కావాల్సిన సంగతులు చెప్పేవారు. ఆ తర్వాత కాలంలో గంటల తరబడి సంభాషణకు యూట్యూబ్‌లో ఆదరణ ఉంటుందని చూపించినవాళ్లలో టీఎన్‌ఆర్ ముందువరసలో ఉంటారు. ఐడ్రీమ్ చానల్‌లో ఆయన చేసిన ‘ఫ్రాంక్లీ విత్ టీఎన్‌ఆర్’ పాడ్‌కాస్ట్ అనే పేరు పెట్టుకోలేదు గానీ, చేసింది ఆ పనే. హీరోలకు దక్కే సమయం కామెడీ నటులకూ, పక్కపాత్రలకూ, రచయితలకూ ఇచ్చారు. అతిథి మరచిపోయిన సినిమా పేరు కూడా ఆయన అందించేలా ఇంటి దగ్గర చదువుకుని వచ్చేవారు. 2021 మే 10న కోవిడ్ ఆయన్ను తీసుకుపోయింది.

ఇప్పుడు తెలుగులో పాడ్‌కాస్ట్ అంటే రెండు సోఫాలు, రెండు మైకులు, వెనక నీలిరంగు లైటు. వినడం కంటే చూడటమే ఎక్కువ. అసలు సంభాషణ రెండు గంటలైతే జనానికి చేరేది నలభై సెకన్ల షార్ట్. థంబ్‌నెయిల్ మీద అతిథి కన్నీళ్లు, పక్కన ఎర్రక్షరాలు. విడాకుల గురించి ఒక వాక్యం దొరికితే మిగిలిన గంటా యాభై తొమ్మిది నిమిషాలూ దానికి తోకే. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చేవాటిలో ఐదింటికి లేవమని చెప్పేవాళ్లు ఎక్కువ, రాత్రి షిఫ్టు చేసేవాళ్లు ఎప్పుడు పడుకోవాలో అడిగేవాళ్లు తక్కువ. అయినా మరో దారి లేకపోలేదు. ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ తెలుగు కథలను వినిపిస్తూ, రచయితలతో, అనువాదకులతో ఓపిగ్గా మాట్లాడుతోంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో దర్శకుడు పూరీ జగన్నాథ్ ‘పూరీ మ్యూజింగ్స్’లో ఒక్కరే మాట్లాడితే లక్షల మంది విన్నారు. అక్కడ కెమెరా లేదు, గొంతొక్కటే.

కాబట్టి కొత్తగా పాడ్‌కాస్ట్ పెట్టాలనుకునే తెలుగు కుర్రకారుకు ఒక మనవి. నీలిరంగు లైటు కొనే ముందు టీఎన్‌ఆర్ చేసిన పాత ఇంటర్వ్యూ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడండి. తన జీవితం చెప్పుకునే మనిషికి ఎంత సేపైనా ఇవ్వండి. మందు చెప్పే మనిషి వస్తే మాత్రం ఆ రంగం తెలిసిన డాక్టరు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, లేదా ఆ ఎపిసోడ్ మానేయండి. ఇక శ్రోతలు షార్ట్ చూసి అభిప్రాయం ఏర్పరచుకునే ముందు పూర్తి సంభాషణ వినాలి. అంత తీరిక లేకపోతే ఆ షార్ట్‌ను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకపోయినా చాలు.