గిలాసలో గొంతు

2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పడ్డప్పుడు హైదరాబాద్ నుంచి కొత్తకోటకు వచ్చేశాను. ముందు గదిలో నా లాప్‌టాప్, వెనక గదిలో అమ్మ గుంటమగ్గం. మీటింగులో మ్యూట్ తీసినప్పుడల్లా అవతలివాళ్ళు "ఆ టకటక ఏంటి?" అని అడిగేవాళ్ళు. గద్వాల చీరలన్న పేరుతో అమ్ముడయ్యేవాటిలో కొన్ని మా కొత్తకోట మగ్గాల మీద నేసినవే. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ సంగతి చెప్తే "ఓహ్ నైస్" అని మళ్ళీ పనిలో పడేవాళ్ళు.

మగ్గం ముందు కూర్చున్న మనిషికి కాళ్ళకు పని, చేతులకు పని, కళ్ళకు పని. ఖాళీగా ఉండేవి చెవులే. మొన్నమొన్నటిదాకా ఆ చెవులకు రేడియో ఉండేది. అది పాడయ్యాక బాగుచేసేవాళ్ళు దొరకలేదు. నేను ఫోన్ కొనిచ్చి, కిరణ్‌ప్రభ టాక్ షోలు పెట్టిచ్చాను. కాలిఫోర్నియాలో ఉంటూ 'కౌముది' వెబ్ పత్రిక నడిపే ఆయన రచయితల జీవితాలు, పాత సినిమా వాళ్ళ జీవితాలు తీరుబడిగా, కొన్నయితే భాగాలు భాగాలుగా చెప్తారు. బొమ్మ చూడకపోయినా పోయేదేం లేదు. అమ్మకు అదే కావాలి. ఇయర్‌ఫోన్ వైరు పడుగులో చిక్కుకుంటుందని పక్కన పడేసి, ఫోన్‌ను స్టీలు గిలాసలో నిలబెట్టింది. గొంతు రెండింతలైంది.

నాలుగో రోజు మగ్గం ఆగింది. "సగం ఇంటుంటే బందైపోతదిరా. నాడె ఇడిసిపెట్టి మల్లా మల్లా దాన్ని లేపనీకి నాకేడ తీరుతది?" అంది.

ఆ వీడియో యాప్‌లో తెర ఆరితే గొంతూ ఆగుతుంది. ఆగకూడదంటే నెలనెలా డబ్బు కట్టాలి. తెర ఆరకుండా పెడితే మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ అయిపోతుంది. పైగా కండె అందుకోబోతే చెయ్యి తగిలి ఇంకేదో వీడియో మొదలవుతుంది.

బ్రౌజర్లో పెట్టి చూశాను. అక్కడా అంతే. ఎందుకలా అవుతుందో నాకు తెలుసు. పేజ్ విజిబిలిటీ అని ఒక ఏర్పాటుంది. మీరు ఇంకో ట్యాబ్‌కు వెళ్ళినా, ఫోన్ తెర ఆరినా, 'ఈ పేజీ ఇప్పుడు కనబడటం లేదు' అని బ్రౌజరే ఆ సైటుకు చెప్తుంది. మంచికోసమే పెట్టారు: ఎవరూ చూడని బొమ్మలు కదిలించి బ్యాటరీ తగలెయ్యొద్దని. ఆ కబురు అందుకుని ఏం చెయ్యాలన్నది సైటు ఇష్టం. కొన్ని సైట్లు వీడియో ఆపేస్తాయి.

తెలుసని ఎందుకన్నానంటే, అలా ఆపే కోడ్ నేనూ రాశాను. కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన చోట శిక్షణ వీడియోల ప్లేయర్ ఒకటి చేశాం. 'యూజర్ చూడనప్పుడు వీడియో ఆగాలి' అని టికెట్ వచ్చింది. పది లైన్లు కూడా కాలేదు. పొద్దున తీసుకుని లంచ్‌కి ముందే మూసేశాను. చూడకపోవడమంటే వదిలేసి పోవడమేనా అన్న ప్రశ్న నాకు రాలేదు. మగ్గం చప్పుడు వింటూ పదో తరగతి దాకా చదువుకున్నవాడికి రావాల్సిన ప్రశ్న అది. చేతులకు పనుండి, చెవి మాత్రమే ఇవ్వగలిగే మనిషి ఆ పూట నాకు యూజర్‌లా తట్టలేదు.

నిజానికి బ్రౌజర్ ఎంచుకోవడం నాకు చిన్న విషయంగా ఎప్పుడూ లేదు. 2006లో ఇంజనీరింగ్‌లో చేరేనాటికి చాలా తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకుని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెలుగులా కనబడేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. అప్పుడు 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ దొరికింది. ఆ గీతలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. హాస్టల్లో కీప్యాడ్ ఫోన్ల మీద ఓపెరా మినీ వాడేవాళ్ళం. డబ్బాలు డబ్బాలుగా కనబడే తెలుగు, దాని సెట్టింగ్స్ పేజీలో ఒక్క మాట మారిస్తే బొమ్మగా మారి అక్షరాలై వచ్చేది. ఆ కిటుకు చెప్పిన సీనియర్‌ని ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాను. తెలుగు బ్లాగులు, 'ఈమాట' నేను చదవగలిగానంటే అలాంటి అడ్డదారుల వల్లే.

షోల రుచి కూడా బ్రౌజరే చూపించింది. ఫైర్‌ఫాక్స్‌లో లైవ్ బుక్‌మార్క్స్ ఉండేవి. ఒక సైటు ఫీడ్‌ను అక్కడ పెట్టుకుంటే కొత్తగా వచ్చినవన్నీ మెనూలా కిందికి జారేవి. 'దిస్ వీక్ ఇన్ టెక్' నాకు అలాగే పరిచయం. నలుగురు కూర్చుని కంప్యూటర్ల గురించి గంటకు పైగా కబుర్లు చెప్పుకోవడం! సగం అర్థమయ్యేది కాదు. అయినా రాత్రిళ్ళు డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాణ్ని. ఇంటర్వ్యూల్లో నా యాస బయటపడకూడదని వాళ్ళ ఇంగ్లీషు వింటూ నాలుక తిప్పుకున్నాను. తెలుగులో కూడా 'పోవనీకి' అనడం మానేసి 'వెళ్ళడానికి' అనడం నేర్చుకున్నాను. ఇంటికొస్తే అమ్మ నవ్వేది, "టీవీల వార్తలు సదువుతున్నవేందిరా" అని.

అమ్మ ఫోన్‌కు మందు మళ్ళీ ఫైర్‌ఫాక్స్‌లోనే దొరికింది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోవచ్చు. 'వీడియో బ్యాక్‌గ్రౌండ్ ప్లే ఫిక్స్' అని ఒకటుంది. అది చేసేది చిన్న పని: తెర ఆరిన కబురు సైటుకు చేరనివ్వదు. సైటు దృష్టిలో అమ్మ చూస్తూనే ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టుకున్నా, గిలాసలో పెట్టుకున్నా గొంతు నడుస్తుంది. డబ్బు కట్టాల్సిన చోట ఇలా అడ్డదారి పట్టడం తప్పు కాదా అని కాసేపు గుంజాటన పడ్డాను. ప్రకటనలను నేను తీసెయ్యలేదు, అవీ వింటుంది. ఆమె చూపు మీద ఆమెకు ఉన్న హక్కును మాత్రం తిరిగి తెచ్చుకున్నాం అని సర్ది చెప్పుకున్నాను.

వెబ్ ప్రమాణాల్లో బ్రౌజర్‌కు ఇంకో పేరుంది: యూజర్ ఏజెంట్. అంటే వాడే మనిషి తరఫున పోయి పని చక్కబెట్టుకొచ్చేవాడు. ఇన్నేళ్ళూ ఆ పేరును కోడ్‌లో టైప్ చేశానే తప్ప దాని అర్థం పట్టించుకోలేదు. అమ్మకు చెప్తే వెంటనే పట్టుకుంది. నూలిచ్చి, చీర తీసుకుపోయి, కూలి లెక్క కట్టే సేటును చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి. "మద్దెల ఉన్నోడు ఎవరి దిక్కున్నడో సూసుకోవాలె గదా" అంది. స్పీడ్, మెమరీ, సింక్ అంటూ బ్రౌజర్లను పోల్చే వ్యాసాలు ఎన్నో చదివాను. ఈ ఒక్క మాటతో పోల్చిన వ్యాసం నాకు కనబడలేదు.

పాడ్‌కాస్ట్‌లలో ఈ గొడవే లేదు. అక్కడ ఉన్నది పాత ఫీడ్ పద్ధతే. ఏ యాప్ అయినా ఫైలు తెచ్చుకుంటుంది, నువ్వు చూస్తున్నావా అని అడగదు. 'హర్షణీయం' కథలు అలా పెట్టిచ్చాను. అయితే కొత్తది వెతుక్కోవడం దగ్గర అమ్మ ఆగిపోయింది. మైకులో ఆమె పాలమూరు మాట ఒకటంటే తెర మీద ఇంకోటి పడేది. చివరికి ఆమెకు కొత్తవి దొరికింది గోడ అవతలి నుంచే. పక్కింటి పెద్దమ్మ మగ్గం దగ్గర మోగేది విని అడిగేది, "అది ఏందక్కా, జెర నాకు గూడ పెట్టియ్యమను." అలా మా గల్లీలో ఆరు ఫోన్లకు ఎక్స్‌టెన్షన్ వేశాను.

ఒక రాత్రి పని అయ్యాక 'మై విలేజ్ షో' చూస్తూ అమ్మ పడీ పడీ నవ్వుతోంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ఏదో అంటోంది. మాది వేరే యాస, అయినా దగ్గరిది. నేను ఇంటర్వ్యూల కోసం దాచుకున్న మాటలు ఆ తెర మీద అడ్డూ అదుపూ లేకుండా పోతున్నాయి. "ఇది మగ్గం కాడ ఇనరాదురా, సూడాలె. మొకం సూస్తెనే నవ్వొస్తది" అంది అమ్మ. ఏది చెవికి, ఏది కంటికి అన్నది ఆమె ఒక్క వాక్యంలో తేల్చేసింది. సమీక్షలు రాసే నేను దాన్ని పేరాలు పేరాలుగా సాగదీసేవాణ్ని.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఇప్పటి ఆఫీసులో ఒకసారి ఈ ముచ్చట ఎత్తాను, తెర ఆరినా వినే వీలు పెడదామని. "ఎంతమంది వాడతారు?" అన్నారు. నా దగ్గర ఆరు ఫోన్ల లెక్కే ఉంది. అది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ నాలో నేను గునుసుకుంటాను.

మధ్యాహ్నాలు అమ్మకు ఫోన్ చేస్తే విసుగ్గా ఎత్తుతుంది. "జల్దీ చెప్పు. నువ్వు ఫోన్ జేస్తె ఆయన మాట ఆగిపోతది" అంటుంది. దానికి ఎక్స్‌టెన్షన్ లేదు. అందుకే ఇప్పుడు పొద్దుగూకినాకనే చేస్తున్నాను.