యాభై టన్నుల బండి

"బండి ఎన్ని టన్నులది?"

సైట్లోకి క్రేన్ వస్తుంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలా చోట్ల చివరి ప్రశ్న కూడా ఇదే. 2018 వేసవిలో నేనూ ఇదే అడిగాను. "యాభై" అన్నాడు ఆపరేటర్. ఎత్తాల్సింది ఆరు టన్నుల ఏసీ చిల్లర్. ఆరెక్కడ, యాభై ఎక్కడ! లిఫ్ట్ ప్లాన్ అనే కాగితం మీద సంతకం పెట్టేశాను.

అప్పటికి నా సివిల్ ఇంజనీరింగ్ పూర్తయి మూడేళ్లు. కాలేజీలో బెండింగ్ మూమెంట్ బొమ్మలు నోట్‌బుక్కుల నిండా గీశాను. క్రేన్ల గురించి మాత్రం "రకాలు వ్రాయుము" అనే ఐదు మార్కుల ప్రశ్న ఒక్కటే గుర్తుంది. లోడ్ చార్ట్ అనేదొకటి ఉంటుందని తెలుసు. చదవడం రాదు. రాదని ఎవరికీ చెప్పలేదు. సైట్లో ఆడపిల్ల నోట "నాకు తెలీదు" అనే మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉండేవాళ్లు.

హైదరాబాద్ పడమటి వైపు, నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగ్. డ్రాయింగ్ ప్రకారం, చిల్లర్ దిగాల్సిన చోటికి పద్నాలుగు మీటర్ల దూరంలో క్రేన్ నిలబడాలి. రాత్రికి రాత్రి కరెంటు వాళ్లొచ్చి సరిగ్గా అక్కడే కేబుల్ కోసం కందకం తవ్వి వెళ్లారు. ఆపరేటర్ బండిని వెనక్కి తీసి పెట్టుకున్నాడు. నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు.

అర్థమైంది ఒక్క ఖలాసీ మేస్త్రీకే. శ్రీకాకుళం మనిషి, యాభై దాటాయి. బండి మధ్య నుంచి గోడ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. తిరిగొచ్చి, చేతిలో ఉన్న బెల్టు స్లింగు కింద పడేశాడు.

"బండి నాలుగు మీటర్లు ఎనక్కి ఎల్లిపోనాది మేడమ్. ఇలాగైతే నాను తాడు కట్టను."

ప్రాజెక్ట్ మేనేజర్‌కి కోపమొచ్చింది. "వాడేమన్నా చదువుకున్నాడా? మీరు సంతకం పెట్టారు కదా, ఎత్తించండి." క్రేన్ అద్దె గంటల లెక్కన పెరుగుతోంది. అందరూ నావైపే చూస్తున్నారు.

ఏం చెయ్యాలో తోచక క్యాబిన్ ఎక్కాను. అద్దానికి అతికించిన లోడ్ చార్ట్ మీద వేలు పెట్టుకుని, ఎక్కాల పుస్తకంలాగా వెతికాను. బూమ్ ముప్ఫై మీటర్లు. పద్నాలుగు మీటర్ల దూరానికి 9.2 టన్నులు. పద్దెనిమిదికి 6.1.

యాభై ఎక్కడా లేదు! ఆ యాభై, బూమ్ పూర్తిగా ముడిచి బండి పక్కనే బరువు పెట్టుకుంటే వచ్చే అంకె. అలా ఎవరూ ఎత్తరు.

అయినా ఊపిరి పీల్చుకున్నాను. 6.1 ఉంది, మనది 6 అని కిందికి అరిచాను. మేస్త్రీ నవ్వలేదు. "మరి కొక్కెం బరువెవుడు మోస్తాడు మేడమ్?"

కొక్కెం, దాని గిలకలు, స్ప్రెడర్ బీమ్, స్లింగులు, షాకిల్స్ అన్నీ కలిపితే తొమ్మిది వందల కిలోలు. అవీ క్రేన్ మోసే బరువే. మొత్తం 6.9.

ఓవర్‌లోడ్ అయితే అలారం మోగాలి కదా అని ఆపరేటర్‌ని అడిగాను. ఇరవై మూడేళ్లుంటాయేమో. "ఎప్పుడూ మోగుతూనే ఉంటది మేడమ్, బైపాస్‌ల పెడతం" అన్నాడు, ఫ్యాన్ స్విచ్ గురించి చెప్పినంత మామూలుగా.

కిందికి దిగి నా సంతకం కొట్టేశాను. రెండు రోజుల తర్వాత పెద్ద బండి వచ్చింది. ఆ ఏడాది నా అప్రైజల్‌లో "నిర్ణయాలు త్వరగా తీసుకోలేరు" అని రాశారు.

ఆరోజు ఎత్తితే పడిపోయేదా? చెప్పలేను. చార్ట్ అంకెల్లో కొంత భద్రత కలిపే ఉంటుంది, బహుశా ఎత్తేసేదే. అసలు భయం అక్కడే. తప్పుగా ఎత్తినవి చాలావరకు క్షేమంగానే దిగుతాయి. దిగిన ప్రతిసారీ అది అనుభవం అనే పేరుతో తప్పు పాఠం నేర్పుతుంది. "ఇరవై ఏళ్లుగా ఇలాగే ఎత్తుతున్నాం" అనే మాట అలా పుట్టిందే.

ఇంతా చేసి ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు. కావడి మోసినవాడికి తెలుసు, కుండ భుజానికి దూరం జరిగే కొద్దీ అదే నీళ్లు ఎక్కువ బరువనిపిస్తాయి. స్లింగుల సంగతీ అంతే. బరువుకి రెండువైపులా తాళ్లు కట్టి ఎత్తేటప్పుడు, అవి నేలతో అరవై డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో తాడు మొత్తం బరువులో 58 శాతం మోస్తుంది. ముప్ఫై డిగ్రీలకి వాలితే ఒక్కో తాడు మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది. సైన్ ముప్ఫై సగం అని పదో తరగతిలో అందరం బట్టీపట్టాం. అది ఒక మనిషి నెత్తిమీద వేలాడే తాడు గురించి అని ఎవరూ చెప్పలేదు.

చదువుకున్నవాళ్లే ఉన్నచోట కూడా లెక్క తప్పుతుంది. అమెరికాలోని మిల్వాకీలో 1999 జులై 14న బేస్‌బాల్ స్టేడియం పైకప్పు ముక్కని, నాలుగు వందల టన్నులకు పైగా ఉన్నదాన్ని, గాలిలో ఎత్తుతుంటే క్రేన్ కూలి ముగ్గురు ఉక్కు పనివాళ్లు చనిపోయారు. గాలి క్రేన్ మీద చూపే ఒత్తిడి లెక్కలో ఉంది. ఎత్తుతున్న కప్పు తెరచాపలాగా పట్టే గాలి లెక్కలో లేదు.

విశాఖ షిప్‌యార్డ్‌లో 2020 ఆగస్టు 1న ట్రయల్ జరుగుతుండగా క్రేన్ కూలి పదకొండు మంది పోయారు. ఆ సాయంత్రం మేస్త్రీకి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మనోల్లే మేడమ్" అన్నాడు, అంతే.

సింగపూర్‌లో 2011 నుంచీ ఒక నిబంధన ఉంది. లిఫ్టింగ్ ప్లాన్ లేకుండా క్రేన్‌తో ఏదీ ఎత్తకూడదు. తాడు కట్టే రిగ్గర్, సైగలు చేసే సిగ్నల్‌మన్, మొత్తం చూసుకునే సూపర్‌వైజర్ శిక్షణ పొందినవాళ్లై ఉండాలి. మన దగ్గరా లిఫ్టింగ్ పరికరాల తనిఖీకి కేంద్ర నిబంధనలు 1998 నుంచీ ఉన్నాయి. కానీ నా సైట్లో ఆ ముగ్గురి పనీ మేస్త్రీ ఒక్కడే చేసేవాడు. ఆయన మాటకి కాగితం మీద చోటు లేదు. నా సంతకానికి చోటుంది, దాని వెనక తెలివి లేదు.

చిల్లర్ ఎక్కిన వారం నుంచీ శనివారం పొద్దున అరగంట క్లాసు మొదలుపెట్టాం. మేస్త్రీ, ఆయన ఖలాసీలు, నేను, ఇంకో ఇద్దరు ఇంజనీర్లు. క్రేన్ ఉంటే ఆపరేటర్ కూడా. నేను చార్ట్‌ని తెలుగులో రెండు వరుసలుగా రాశాను: దూరం, బరువు. మేస్త్రీకి ఇంగ్లిష్ రాదు కానీ రెండో శనివారానికల్లా చార్ట్ నాకన్నా వేగంగా చదివేశాడు. ఆయన మాకు మట్టి చూపించాడు. కొత్తగా పూడ్చిన నేల మీద అవుట్‌రిగ్గర్ కాలు పెడితే ఏమవుతుందో, కింద స్లీపర్ చెక్కలు ఎలా పరవాలో, తెగబోయే తాడు ముందు ఎక్కడ నలుగుతుందో. నా నాలుగేళ్ల చదువులో లేనివి అవన్నీ.

సగం ఆయన దగ్గర ఉంది, సగం నా దగ్గర ఉంది. ఒకే సైట్లో మూడేళ్లు తిరిగి కూడా ఒకరినొకరు అడగలేదు.

ఇప్పుడు నేను వేసే లిఫ్ట్ ప్లాన్‌లో ఖలాసీ సంతకానికి ఒక గీత ఉంటుంది. చాలా కంపెనీల్లో ఎందుకని అడుగుతారు, చెప్తాను. ఎత్తే ముందు టేపు పట్టి దూరం కొలుస్తాం. డ్రాయింగ్‌లో ఎంతున్నా సరే, కొలుస్తాం.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్‌లో అడుగుతున్నాడు: "అన్నా, బండి ఎన్ని టన్నులది?"

ఫోన్ పెట్టేశాక పిలిచి టేపు చేతికిచ్చాను.