గీతకత్తి గురించి కొన్ని మాటలు

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనకొక సామెత. సామెత మిగిలింది, చెట్టు పోతున్నది. బంటుమిల్లి నుంచి కృత్తివెన్ను వైపు వెళ్తే, వరిచేలు చేపల చెరువులైన చోటల్లా గట్లతోపాటు గట్లమీది తాళ్లూ కూలిపోయాయి. జనం అభిరుచి మారి గీతవృత్తి క్షీణించిందనేవారు యీ గట్లు ఒకసారి చూడాలి.

అసలు దెబ్బ అంతకు ముందే తగిలింది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో చెట్టుకు పన్నూ, గీతకు లైసెన్సూ వచ్చిపడ్డాయి. గీసేవాడు ఒకడూ, లాభం తీసేవాడు మరొకడూ అయ్యారు. తర్వాత మద్యనిషేధం గీతగాణ్ణి నేరస్థుణ్ణి చేసింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం ఒక్క వోటుతో పడిపోయింది యీ సమస్య మీదనే. గీతకార్మికుల పక్షాన తిరగబడినవారిలో గౌతు లచ్చన్న ముఖ్యుడు. ఒక ఆంధ్ర ప్రభుత్వం తాటిచెట్టు మీదినుంచి పడిందంటే క్లాసులో పిల్లలు నవ్వుతారు. నవ్వాల్సిన సంగతి కాదది.

1980లలో సర్కారే సారాను పాకెట్లలో అమ్మించి, దానికి వారుణివాహిని అని పేరు పెట్టింది! మొలాసిస్ స్పిరిట్టుకు పురాణదేవత దొరికింది. యివాళ సీసామీద విస్కీ అని వున్నదానిలోనూ చాలాభాగం ఆ స్పిరిట్టే. ఐరోపా చట్టం దాన్ని విస్కీగా ఒప్పుకోదు. కల్లు సంగతి వేరు. పొద్దున దించింది మర్నాటికి పులిసిపోతుంది. గోదాములో దాచలేని సరుకు పెట్టుబడికి యెందుకు?

అలాగని కల్లును పొగడ్తలతో ముంచడం నాకు యిష్టంలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవబట్టే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. కల్లు తాగి భార్యను కొట్టినవాడూ వున్నాడు. ఆ స్త్రీల ముందు నిలబడి చెప్పలేని వాదం అభ్యుదయవాదం కాదు.

అందుకే నీరా మీద ఆశ. కుండలోపల సున్నం పూస్తే రసం పులియదు. తియ్యగా దిగుతుంది, కాస్తే బెల్లమవుతుంది. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో దీనిమీద పనిచేస్తున్నారు. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. మన రాష్ట్రం మాత్రం 2025లో మద్యం దుకాణాల్లో 10 శాతం గీతకులాలకు కేటాయించింది. కత్తి పట్టిన కులానికి సీసా అమ్ముకునే హక్కన్నమాట!

మా కళాశాలలో గీతకుటుంబాల పిల్లలున్నారు. తండ్రి పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కి దిగితే వాళ్లకు ఫీజు. వాళ్లను మళ్లీ మోకు కట్టుకోమనడానికి నాకు నోరు రాదు. తాడిమొక్క పూతకు రావడానికి పదిహేనేళ్లదాకా పడుతుంది. పూసేదాకా అది పోతో పెంటో తెలియదు. యిప్పుడు కాలువగట్లమీద నాటినా, ఆనాటికి యెక్కేదెవరు? చెట్టెక్కే సాధనం, పడితే బీమా, నీరా కొనే కేంద్రం గీత సహకార సంఘం చేతిలో వుండడం: యీ మూడూ లేకుండా నాటేవి తాళ్లే, వృత్తి కాదు.